తొంభై తొమ్మిదో నంబరులో చావు కబురు

సూర్యాపేటలో నేను ఒక్కో డబ్బా బిగించినప్పుడల్లా సైదులన్న కేబుల్ వైరు ఒకటి తెగేది. నా వృత్తి మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది. మిగతాదంతా నేను పెంచి చెబుతాను. అది నా పుట్టుక లక్షణం. మా ఆవిడ నా మాటను నాలుగుతో భాగించి వింటుంది, మీరూ అలాగే చదవండి.

నా పని ఏమిటంటే, ఆఫీసులు విసిరేసిన పాత కంప్యూటర్లు తెచ్చి, కడిగి, కొత్త మెమొరీ వేసి, టీవీ వెనక కూర్చోబెట్టడం. ఆ తర్వాత ఆ ఇంటికి కేబుల్ అక్కర్లేదు. సినిమాలు, వార్తలు, భజనలు, వంటలు అన్నీ ఇంటర్నెట్టు నుంచే దిగుతాయి. దీనికి ఇంగ్లీషులో హోమ్ థియేటర్ పీసీ అని పట్టుచీర కట్టినట్టు ఒక పేరుంది. మా దగ్గర మాత్రం ‘యాదగిరి డబ్బా’ అన్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళ మధ్య నేను తిరిగిన దూరంతో చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ ఒక డబ్బా బిగించి, తిరిగి రావచ్చు.

ఇప్పుడు కొత్త టీవీలు ఇంటర్నెట్టును కడుపులోనే పెట్టుకుని పుడుతున్నాయి. అందుకని యాభై దాటీ దాటకుండానే నన్ను నేను రిటైరు చేసుకున్నాను. సన్మానం కూడా నేనే చేసుకున్నాను. శాలువా బదులు మా ఆవిడ దుప్పటి కప్పుకున్నాను, సాయంత్రానికి లాక్కుంది. ఇండ్లకు వెళ్ళి టీవీలు, కెమెరాలు, వైఫైలు బిగించే పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

చప్పుడు, తవుడు, నంబర్లు

ముందు పని సంగతులు. మొదటిది, చప్పుడు. ఆఫీసులో కంప్యూటర్ ఎంత అరిచినా ఎవరికీ వినపడదు, అక్కడ అందరూ అరుస్తుంటారు. ఇంట్లో అట్లా కాదు. కోదాడలో ఒక పెద్దమనిషి ఇంట్లో బిగించిన వారానికే ఫోను వచ్చింది.

“ఏమండీ యాదగిరి గారూ, మీ డబ్బా ఫ్యాను చప్పుడుకి మా ఆవిడ మాట వినపడట్లేదండి.”

“అది మంచిదే కదండీ.”

“మంచిదేనండి. కానీ నా మాట కూడా ఆవిడకి వినపడట్లేదు. నిన్నటి నుంచి కాఫీ లేదు.”

ఆ రోజే ఫ్యాను మార్చాను. ఇంట్లో పెట్టే యంత్రానికి మొదటి అర్హత, అది ఉన్నట్టు తెలియకపోవడం.

రెండోది, తవుడు. మిర్యాలగూడలో గాలి కూడా రైసుమిల్లులోంచే వస్తుంది. అక్కడ ఏ డబ్బా మూత విప్పినా లోపల దోసెళ్ళకొద్దీ తవుడు. ఒకసారి విప్పితే రాలిన తవుడుతో రెండు బర్రెలు నెల రోజులు బతికాయి. అవి ఇచ్చిన పాలతో నేనే చాయ్ తాగాను. కాబట్టి మిల్లుల ఊళ్ళో పనిచేసే తమ్ముళ్ళు గాలి పోయే కంతలకు పలచటి గుడ్డ కట్టండి. పాత పంచె ముక్క చాలు.

మూడోది అసలైనది. జనానికి మెనూలు, బొమ్మలు వద్దు. నంబర్లు కావాలి. కేబుల్‌లో వార్తలు ఇరవై మూడులో వస్తే డబ్బాలోనూ ఇరవై మూడులోనే రావాలి. నేను మొదట్లో తెర మీద ఎంతో సోకుగా బొమ్మలు పేర్చాను. ఒక్క ముసలి ప్రాణి కూడా ముట్టుకోలేదు. చివరికి రిమోటులో ఏ నంబరు నొక్కితే కేబుల్‌లో ఏది వచ్చేదో అదే తెరుచుకునేట్టు చేశాను. ఆ నంబర్ల వరస ఇచ్చింది ఎవరనుకున్నారు? సైదులన్నే. ఎవరి వైర్లు పీకుతున్నానో ఆ కేబుల్ ఆపరేటరే.

సైదులన్న

సైదులన్న ఇంటి మేడ మీద రెండు డిష్షులు ఆకాశం వైపు నోరు తెరిచి ఉండేవి. కింద గదిలో యంత్రాలు ఉండేవి. అక్కడి నుంచి వైర్లు స్తంభం నుంచి స్తంభానికి, కొబ్బరిచెట్టు నుంచి గోడకు, సూర్యాపేటలో సగం ఊరిని చుట్టేసి ఉండేవి. మనిషి మాత్రం ఆ వైరంతే సన్నం. ఎదురుగాలి వీస్తే మోపెడ్ ముందుకు పోయేది, ఆయన వెనక్కి పోయేవాడు.

బజారులో కనపడితే ఇదే పలకరింపు.

“ఏం తమ్మీ, ఇయ్యాల ఎన్నిండ్లు పీకినవ్?”

“రెండే అన్నా.”

“అయితే ఇయ్యాల బువ్వ తింట. రేపటిది రేపు సూద్దాం. చాయ్ తాగుదువు రా.”

నేను మొదట్లో అది ఎగతాళి అనుకున్నాను. తర్వాత అలవాటు అనుకున్నాను. నిజంగానే లెక్క అడుగుతున్నాడని చాలా ఆలస్యంగా అర్థమైంది.

అచ్చమ్మ డబ్బా తిరిగిచ్చింది

అచ్చమ్మ మోతె నుంచి వచ్చి సూర్యాపేటలో కూతురి దగ్గర ఉంటున్న ముసలమ్మ. ఆ ఇంట్లో బిగించిన డబ్బా నా చేతిలో తయారైన వాటిలోకెల్లా గొప్పది. చీమ నడిస్తే దాని చప్పుడే ఎక్కువ. అట్లాంటి డబ్బాను ఆమె సంచిలో వేసుకుని నా షాపుకు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“తీస్కో నాయినా నీ డబ్బా. అన్నీ వస్తున్నయ్. సచ్చిపోయినోళ్ళు వస్తలేరు.”

“ఏందమ్మా?”

“తొంభై తొమ్మిదిల వచ్చేటోళ్ళు గదా. మా మోతెల నాతోటి నాట్లేసిన ఎల్లమ్మ గీడనే, రెండు గల్లీల అవతల పోయిందట. దినాలైనంక ఎరికైంది. ఆఖరి సూపు లేకపాయె. నీ డబ్బాల దునియంత వస్తది, రెండు గల్లీలు రావా?”

తొంభై తొమ్మిది సైదులన్న సొంత చానల్. పొద్దంతా పాత సినిమాలు, కింద స్క్రోలింగు. ఎక్కడ కరెంటు పోతుంది, ఎవరి గొర్రె తప్పిపోయింది, ఎవరి పాపకు పుట్టినరోజు, ఎవరు చనిపోయారు, ఎన్ని గంటలకు తీస్తారు. పూలదండల షాపువాడు, శవాల కోసం ఫ్రీజర్ బాక్సులు కిరాయికిచ్చే మనిషి, ఇద్దరూ పొద్దున్నే సైదులన్నకు కబురు చెప్పేవారు. ఆ ఒక్క వరసా ఏ ఇంటర్నెట్టులోనూ లేదు. నేను ప్రపంచమంతా దించి పెడుతున్నానని విర్రవీగుతున్న రోజుల్లో ఆ ముసలమ్మ నన్ను నిలబెట్టి రెండు గల్లీలు అడిగింది.

నేరుగా సైదులన్న ఇంటికి వెళ్ళాను. ఆయన మెట్ల మీద కూర్చుని వైరుకు ముడి వేస్తున్నాడు.

“అన్నా, ఒకటి అడుగుత, కొట్టవు గదా?”

“ఇన్ని ఇండ్లు పీకితేనే కొట్టలే. అడుగు.”

“నీ స్క్రోలింగు నాకియ్యి. తొంభై తొమ్మిది నొక్కితే నా డబ్బాల్ల గూడ వచ్చేటట్టు పెడత.”

ఆయన చెయ్యి ఆగింది. లోపల్నుంచి ఆయన భార్య మంగ వదిన వచ్చింది. “ఇయ్యకు! గదొక్కటే మిగిలింది మనకు. గది గూడ పోతే ఇగ మన వైరు ఎవడుంచుకుంటడు? మరిదీ, నీకు జర సిగ్గుండాలె!”

ఆమె అన్నది అక్షరాలా నిజం. జనం ఇంకా కేబుల్ ఉంచుకున్నారంటే తొంభై తొమ్మిది కోసమే. నాకు నిజంగానే సిగ్గేసింది. లేవబోయాను.

సైదులన్న ముడి బిగించి అన్నాడు. “మంగా, మన వైరు తీసేసినోడి ఇంట్ల ముసలోడు పోతే నేను పోకుంట ఉంటనా? పోత. మరి కబురెందుకు దాసుకోవాలె?” తర్వాత నా వైపు తిరిగాడు. “ఇస్త. గని ఒక్కటి. పేరు, ఇంటి గుర్తు, ఎన్ని గంటలకు తీస్తరు. ఇగ గంతే రాయాలె. నీ ఉప్పు కారం ఎయ్యకు.”

“జర ఒక మంచి మాట అన్నా రాయొద్దా, పోయినోళ్ళ గురించి?”

“మంచోడో చెడ్డోడో వచ్చినోళ్ళు చెప్పుకుంటరు. నువ్వు తొవ్వ సూపియ్యి.”

ఆ రోజు నుంచి రోజూ పొద్దున ఆయన ఫోనులో కబుర్లు పంపడం, నేను ఇంటర్నెట్టులో ఒక చిన్న పేజీ మీదికి ఎక్కించడం. ‘బోరింగు పక్కన పచ్చగేటు ఇల్లు.’ ‘పిండిగిర్ని వెనక రెండు గదుల ఇల్లు.’ అచ్చమ్మ డబ్బా తిరిగి తీసుకెళ్ళింది. వదిన చెప్పినట్టే సైదులన్న వైర్లు మరింత వేగంగా తెగాయి.

మిర్యాలగూడలో ఇద్దరు లింగయ్యలు

కొన్నాళ్ళకు కోదాడ, మిర్యాలగూడ కబుర్లు కూడా ఆ పేజీ మీదే వేయడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళ కబుర్లు నేరుగా నాకే వచ్చేవి, సైదులన్న కత్తెర వాటి మీద పడేది కాదు. అక్కడే ఎదురు తన్నింది.

మిర్యాలగూడలో లింగయ్య అనే హమాలీ పోయాడు. జీవితమంతా మిల్లుల్లో బస్తాలు మోసినవాడు. ఆయన కొడుకు నర్సింహ ఫోను చేశాడు. “అన్నా, మా నాయినను బతికినన్నాళ్ళు ‘అరే’ అన్నోళ్ళే గని ‘గారు’ అన్నోడు లేడు. ఇయ్యాలొక్క రోజు జర పెద్దగ రాయే.”

పెద్దగా రాయమని నన్ను అడగడమంటే ఆంబోతును అచ్చోసి వదలడమే. ‘మిర్యాలగూడ రైసుమిల్లుల రంగ ప్రముఖులు, ఎందరికో అన్నదాత, శ్రీ లింగయ్య గారు ఇక లేరు’ అని రాశాను. విశేషణాలతో చోటు నిండిపోయింది. ఇంటి గుర్తు అందులో పట్టలేదు.

ఆ ఊళ్ళో లింగయ్య గారనే మిల్లు యజమాని ఒకాయన ఉన్నాడు. దండలన్నీ అక్కడికి వెళ్ళాయి. ఆయన లుంగీ మీద వరండాలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడట. మొదట వచ్చినామె గేటు దగ్గరే శోకం ఎత్తుకుందట. ఆయన భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, బతికున్న మొగుణ్ణి చూసి, అప్పుడు మూర్ఛపోయిందట. నేరేడుచర్ల నుంచి షేర్ ఆటోల్లో దిగినవాళ్ళు మళ్ళీ ఇంత దూరం వస్తామా అని ఆయన కాళ్ళకు దండం పెట్టుకునే పోయారట. ఇదంతా నేను ఏళ్ళ తరబడి చెప్పి నవ్వించాను. కొంత పెంచే ఉంటాను.

హమాలీ ఇంటి దగ్గర జరిగింది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మనుషులెవరూ రాలేదని కొడుకు ఫోను చేస్తే నేనూ సైదులన్నా మోపెడ్ మీద వెళ్ళాము. వాకిట్లో పాడె ఉంది. మోయడానికి నలుగురం సరిగ్గా సరిపోయాము. నర్సింహ, వాళ్ళ మేనమామ, సైదులన్న, నేను. ఎర్రటి ఎండ. దారిలో భుజం మార్చుకోవడానికి మనిషి లేడు. బస్తాలు మోసి మోసి గట్టిపడిన శరీరం, బరువుగా ఉంది. సైదులన్న సన్నటి భుజం ఒరుసుకుపోయి చొక్కాకు నెత్తురు అంటింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఒక చోట మోపెడ్ ఆపి నీళ్ళు తాగి, “నువ్వు ఆయన్ను పెద్దోణ్ణి చేసినవ్ తమ్మీ. మనుషులు పెద్దోళ్ళింటికే పోయిండ్రు,” అన్నాడు.

కొత్తగా వచ్చే తమ్ముళ్ళకు నా వృత్తిలో ఇంతకు మించిన పాఠం లేదు. కస్టమర్ ఏం అడిగాడో అది ఇవ్వడం పని కాదు. ఆ కొడుకుకు కావలసింది విశేషణాలు కాదు, నలుగురు మనుషులు. అడిగింది మాత్రం విశేషణాలు.

వైర్లు చుట్టిన రోజు

చివరికి సైదులన్న కేబుల్ మూసేశాడు. ఉన్న ఇండ్లతో కరెంటు బిల్లు కూడా వెళ్ళని రోజు వచ్చింది. స్తంభాల మీది వైర్లు దించడానికి నన్నే పిలిచాడు. “కట్టినప్పుడు మస్తు మంది ఉండిరి. ఇప్పేటప్పుడు నువ్వన్న రావాలె గదా,” అన్నాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను, ఆయన ఎక్కాడు. వీధి వీధినా వైరు కిందికి జారుతుంటే జనం తలుపుల్లోంచి చూసి లోపలికి వెళ్ళారు. వాళ్ళ టీవీలు మోగుతూనే ఉన్నాయి. అవన్నీ నా డబ్బాలే.

పెద్ద డిష్షు పాతసామానుకు పోయింది. చిన్నదాన్ని వదిన పోనివ్వలేదు. మేడ మీద వెల్లకిలా పెట్టి అందులో మిరపకాయలు ఎండబోసింది. ఆకాశం నుంచి సినిమాలు పట్టిన డిష్షు ఎండు మిరపకాయలు పట్టడం నేర్చుకుంది.

ఆ మిరపకాయల పక్కన కూర్చుని వైరు చుట్టలు కడుతూ సైదులన్న అడిగాడు. “తమ్మీ, నేను పోయిన్నాడు నా స్క్రోలింగు ఎవడేస్తడు?”

“నేనేస్త అన్నా! పది లైన్లు వేస్త. ఢిల్లీ దాకా కనపడేటట్టు వేస్త.”

“గదే నా భయం. నువ్వు పది లైన్లు వేస్తవ్, మంది అంత ఢిల్లీకి పోతరు. నా వాకిట్ల ఎవడుండడు.”

ఇద్దరమూ నవ్వాము. ఆయన నవ్వు దగ్గుగా మారింది. ఆ దగ్గు తగ్గలేదు. దవాఖాన చుట్టూ తిరిగినా తగ్గలేదు. “ఇగ మూసేద్దామే తొంభై తొమ్మిది. నా డబ్బాలు గూడ పోతున్నయ్, సూసేటోళ్ళు లేరు,” అని ఒకసారి అన్నాను. నిజానికి కొత్త టీవీలు వచ్చి నా డబ్బాలు మూలకు చేరుతున్న కాలం అది. సైదులన్న వైర్లను నేను తీసినట్టే నా డబ్బాలను ఎవరో తీస్తున్నారు, కాకపోతే వాళ్ళెవరో చాయ్ తాగడానికి పిలవలేదు.

“ఒక్క ఇల్లు మిగిలినా నడువాలె,” అన్నాడు. “గా ఒక్క ఇంట్లనే అచ్చమ్మ ఉండొచ్చు.”

ఆరోగ్యం అంత పాడైనా పొద్దున్నే కబుర్లు పంపడం మాత్రం మానలేదు. పేరు, ఇంటి గుర్తు, టైము.

ఆయన పేరు

ఒక పొద్దున చాయ్ అయిపోయినా కబురు రాలేదు. ఈరోజు ఊళ్ళో ఎవరూ పోలేదు కాబోలు, మంచిదే అనుకున్నాను. అంతలో ఫ్రీజర్ బాక్సు మనిషి ఫోను చేశాడు. “అన్నా, సైదులన్న ఇంటికే బాక్సు తీస్కపోతున్న. సాయంత్రం నాలుగింటికి తీస్తరట. నీకు ఎరికేనా?”

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చేతులు వాటంతట అవే రాశాయి. ‘సూర్యాపేటకు లోకాన్ని చూపించిన మహానుభావుడు.’ అది అబద్ధం కూడా కాదు. ‘వేల ఇండ్ల ఆత్మబంధువు.’ ఇంకా రాశాను. తెర నిండింది. ఇంటి గుర్తుకు చోటు లేదు. మిర్యాలగూడ ఎండలో నెత్తురంటిన చొక్కా గుర్తొచ్చింది. ఒక్కో మాటా చెరిపేశాను. నా జీవితంలో అంత బరువైన పని చెయ్యలేదు. దీన్ని నాలుగుతో భాగించకండి.

చివరికి మిగిలింది ఇది:

‘కేబుల్ సైదులు. మేడ మీద డిష్షులో మిరపకాయలు ఎండబోసిన ఇల్లు. సాయంత్రం నాలుగు గంటలకు.’

ఎక్కించాను. మూలపడ్డ డబ్బాలు, కొత్త టీవీలు, ఎవరు నొక్కుతారు తొంభై తొమ్మిది? ఆయన ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో వదిన, దగ్గరి చుట్టాలు, బాక్సు కింద ఐసు నీళ్ళు. చాలా కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను గల్లీ చివర దాకా వెళ్ళి చూసి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

మొదట అచ్చమ్మ వచ్చింది, కర్ర పొడుచుకుంటూ, మేడ వైపు తలెత్తి మిరపకాయలు చూసుకుంటూ. “రోజు లెక్కనే పొద్దుగాల నొక్కిన నాయినా. సైదులని వచ్చింది. రోజు ఏసేటోడు గదా, తన పేరు తనెట్ల ఏసుకుంటడు, ఇంకెవరో సైదులనుకున్న. మిరపకాయలని సదివినంకనే కూలవడ్డ.”

ఆమె బాక్సు మీద చెయ్యి పెట్టి నిలబడింది. “ఆఖరి సూపు దొరికింది బిడ్డా,” అంది ఆయనతో.

తర్వాత ఒక్కరొక్కరే వచ్చారు. వైరు దించుతుంటే తలుపుల్లోంచి చూసి లోపలికి వెళ్ళినవాళ్ళు వచ్చారు. కోదాడ పెద్దమనిషి భార్యతో వచ్చి, “రోజూ చూస్తామండి, అదొక్కటే చూస్తాం,” అన్నాడు. బస్సు దిగి పరుగెత్తుతూ వచ్చినవాడిని నేను వెంటనే గుర్తుపట్టలేదు. మిర్యాలగూడ నర్సింహ. చెప్పులు విడిచి, తువ్వాల మడిచి భుజాన వేసుకుని పాడె పక్కన నిలబడ్డాడు.

మంగ వదిన నన్ను పిలిచి అడిగింది. “ఏం రాసినవ్ మరిదీ?”

చెప్పాను.

“గంతేనా?”

“గంతే వదినా.”

ఆమె తల ఊపింది.

ఎంతమంది వచ్చారని మీరు అడుగుతారు. నా సంగతి తెలిసినవాళ్ళు రోడ్డు నిండిపోయిందని, హైవే మీద లారీలు ఆగిపోయాయని చెబుతానని ఎదురుచూస్తుంటారు. అట్లా ఏమీ కాలేదు. పాడె మోయడానికి భుజాలు సరిపోయాయి. దారిలో మార్చుకోవడానికి కూడా ఉన్నాయి.